ప్రేమిస్తున్నాను, గర్వకారణం: ప్రతిజ్ఞలో రెండు మాటల మధ్య దూరం

ఉదయం స్కూలు బెల్లు మోగుతుంది. క్లాసులవారీగా లైన్లు కడతారు. పీఈటీ సారు "సావధాన్, విశ్రామ్" అని రెండుసార్లు అరుస్తారు. ప్రార్థన అయ్యాక ఒక పిల్లో పిల్లాడో ముందుకొచ్చి, కుడిచెయ్యి చాపి "భారతదేశం నా మాతృభూమి" అని ఎత్తుకుంటారు. వెనక మూడు నాలుగు వందల గొంతులు అందుకుంటాయి. ఆ రాగం ఎవరూ కూర్చోబెట్టి నేర్పింది కాదు, అయినా ఏ ఊళ్లో విన్నా దాదాపు ఒకటే. "సహోదరులు" అనగానే ఎనిమిదో తరగతి లైన్లో ముసిముసి నవ్వులు. "ఒక్కరు తప్ప" అని లోలోపల కలుపుకునే జోకు తరాలు మారినా పోలేదు. "శ్రేయోభివృద్ధులే" దగ్గరికి వచ్చేసరికి చిన్న తరగతుల వాళ్లకి నాలుక తిరగదు. చాపిన చెయ్యి నొప్పెట్టి మెల్లగా ముందు నిలబడ్డవాడి వీపు మీదికి దిగుతుంది.

పదేళ్లపాటు రోజూ ఇలా చెప్పిన మాటలను పెద్దయ్యాక మళ్లీ నిదానంగా చదువుకున్నవాళ్లు తక్కువ. చదివితే ఒక చిత్రమైన సంగతి కనిపిస్తుంది. దేశం గురించి మనం రోజువారీ మాటల్లో కలగాపులగం చేసే రెండు భావాలను ప్రతిజ్ఞ విడివిడిగా ఉంచింది. "నేను నా దేశాన్ని ప్రేమిస్తున్నాను" అన్నది ఒక వాక్యం. "సుసంపన్నమైన, బహువిధమైన నా దేశ వారసత్వ సంపద నాకు గర్వకారణం" అన్నది ఆ తర్వాతి వాక్యం. ప్రేమకు కారణం చెప్పలేదు. గర్వానికి మాత్రం కారణం చెప్పింది. ఆ వెంటనే "దీనికి అర్హత పొందడానికి సర్వదా నేను కృషి చేస్తాను" అని ఒక షరతు కూడా పెట్టింది. అంటే ప్రేమించడానికి అర్హత అక్కర్లేదు, గర్వపడడానికి కావాలి.

ఇది రాసినాయన పైడిమర్రి వెంకటసుబ్బారావు. కవిత్వం రాసేవారు, నాలుగైదు భాషలు వచ్చు. ఉద్యోగం మాత్రం ఖజానా శాఖలో. 1962లో విశాఖపట్నం జిల్లా ట్రెజరీ అధికారిగా ఉన్నప్పుడు రాశారు. బిల్లులు, వోచర్లు, పెన్షన్ ఫైళ్ల మధ్య బతికిన మనిషి కాబట్టి 'అర్హత' అన్న మాట అంత సహజంగా పడిందేమో అనిపిస్తుంది. ట్రెజరీలో అర్హత లేకుండా పైసా కదలదు.

ఆయన ఊరు నల్లగొండ జిల్లా అన్నెపర్తి. పుట్టింది 1916లో. ఈ రెండు వివరాలూ పక్కపక్కన పెట్టి చూడాలి. 1948 సెప్టెంబరులో హైదరాబాద్ సంస్థానం భారత్‌లో కలిసేదాకా, అంటే ఆయనకు 32 ఏళ్లు వచ్చేదాకా, కాగితాల ప్రకారం ఆయన నిజాం ప్రభువు ప్రజ. "భారతదేశం నా మాతృభూమి" అనే వాక్యాన్ని పిల్లలకు ఇచ్చిన మనిషి తన బడిలో ఆ వాక్యం చెప్పి ఉండడు, చెప్పే వీలూ లేదు. నడివయసులో చేతికొచ్చిన దేశం అది. అందుకేనేమో ఆ ప్రతిజ్ఞలో అరుపు లేదు. కొత్తగా చుట్టరికం కలిసిన ఇంట్లో ఎలా నడుచుకోవాలో తనకు తాను చెప్పుకుంటున్నట్టు ఉంటుంది: పెద్దలను గౌరవిస్తాను, ప్రతివారితోనూ మర్యాదగా నడుచుకుంటాను.

ఆ కాగితం నడిచిన దారి కూడా చూడదగ్గదే. సుబ్బారావు దాన్ని విశాఖ నాయకుడు తెన్నేటి విశ్వనాథం చేతికిచ్చారు. విశ్వనాథం దాన్ని అప్పటి రాష్ట్ర విద్యామంత్రి, విజయనగరం సంస్థానం వారసుడు పి.వి.జి. రాజుకు పంపారు. 1963లో బడుల్లో మొదలైంది. 1964 అక్టోబరులో బెంగళూరులో అప్పటి కేంద్ర విద్యామంత్రి ఎం.సి. చాగ్లా అధ్యక్షతన జరిగిన కేంద్ర విద్యా సలహా మండలి సమావేశం దీన్ని దేశమంతటా చెప్పించాలంది. 1965 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చింది. నిజాం రాజ్యంలో పుట్టిన ఉద్యోగి, మద్రాసు ప్రెసిడెన్సీలో ఎదిగిన రాజకీయ నాయకుడు, ఒక జమీందారు, బొంబాయి నుంచి వచ్చిన న్యాయకోవిదుడు. ఇరవై ఏళ్ల ముందైతే ఈ నలుగురూ ఒకే ఫైలు మీద సంతకాలు చేసే సందర్భమే వచ్చేది కాదు.

1962 అంటే చైనాతో యుద్ధం జరిగిన సంవత్సరం. అక్టోబరు 20న మొదలై నెల రోజుల్లో ముగిసింది, దేశాన్ని కుంగదీసింది. జాతీయ రక్షణ నిధి కోసం ఆడవాళ్లు చేతి గాజులు, మెడలో గొలుసులు తీసిచ్చిన రోజులవి. అలాంటి ఏడాదిలో పుట్టిన దేశభక్తి పాఠంలో శత్రువు అన్న మాట లేదు, సరిహద్దు లేదు, రక్తం లేదు, ప్రాణాలర్పించడం లేదు. గర్వకారణంగా చెప్పుకున్నది కూడా గెలిచిన యుద్ధాన్నో జయించిన రాజునో కాదు, వారసత్వ సంపదను. దానికి ముందు 'బహువిధమైన' అన్న విశేషణం తగిలించారు. ఆ ఒక్క మాటను తీసేస్తే మొత్తం ప్రతిజ్ఞ వేరేదైపోతుంది.

గర్వం అనే మాట దగ్గర కాసేపు ఆగాలి. తెలుగులో అది పుట్టుకతో మంచి మాట కాదు. "వాడికి గర్వం" అంటే తిట్టు. పురాణాల్లో గర్వం వచ్చిన ప్రతివాడికీ గర్వభంగం రాసిపెట్టే ఉంటుంది. "గర్వంగా ఉంది" అని స్టేజీ మీద చెప్పుకోవడం ఈమధ్య కాలపు అలవాటు. ఆ లెక్కన 'గర్వకారణం' అనేది పాత చెడ్డ మాటకు కొత్తగా తొడిగిన మంచి చొక్కా.

మనవాళ్లు దేశం విషయంలో చాలాకాలం వాడింది అభిమానం అనే మాట. దేశాభిమానం, భాషాభిమానం. అభిమానంలో ఇష్టం ఉంది, ఆత్మగౌరవం ఉంది, చిన్నబుచ్చుకోవడం కూడా ఉంది. "అభిమానం పడ్డాడు" అంటే నొచ్చుకున్నాడని. ఇంత సున్నితమైన మాట ఇప్పుడు ఎక్కువగా ఎక్కడ వినిపిస్తోందంటే సినిమా హీరోల దగ్గర. అభిమాని అంటే ఫ్యాను, అభిమాన సంఘం అంటే కటౌట్, పాలాభిషేకం, బెనిఫిట్ షో.

జాతీయ గర్వం అనేది పనిచేసే తీరు చూస్తే ఈ అభిమాన సంఘానికి చాలా దగ్గరగా కనిపిస్తుంది. హీరో సినిమా ఆడితే అభిమాని కాలరెగరేస్తాడు, తను ఒక్క షాటులో కూడా లేకపోయినా. కలెక్షన్ల లెక్కలు నోటికొస్తాయి, నిర్మాత జేబులోకి పోయే డబ్బే అయినా. అవతలి హీరో సినిమా పోతే ఇక్కడ పండగ. సినిమా పోయినవాడి గురించి మాత్రం "డైరెక్టర్ ముంచేశాడు" అంటారు.

దీని మీద మనస్తత్వ శాస్త్రంలో పేరున్న పరిశోధన ఒకటుంది. 1976లో అమెరికాలో రాబర్ట్ చాల్డీని బృందం కొన్ని యూనివర్సిటీల విద్యార్థులను గమనించింది. తమ ఫుట్‌బాల్ జట్టు గెలిచిన తర్వాతి సోమవారం యూనివర్సిటీ పేరున్న చొక్కాలు, బ్యాడ్జీలు వేసుకొచ్చేవాళ్లు ఎక్కువగా కనిపించారు. ఆట గురించి అడిగితే గెలిచినప్పుడు "మేం గెలిచాం" అన్నవాళ్లే, ఓడినప్పుడు "వాళ్లు ఓడిపోయారు" వైపు జరిగారు. మన దగ్గర టీ కొట్టు ముందు పది నిమిషాలు నిలబడితే ఈ పరిశోధన ఉచితంగా జరుగుతుంది. మ్యాచ్ గెలిస్తే "మనోళ్లు కుమ్మేశారు". ఓడితే "దండగ బ్యాచ్, డబ్బులెక్కువై ఆడట్లేదు". మనోళ్లు కాస్తా రాత్రికి రాత్రి ఎవరోళ్లో అయిపోతారు.

గర్వం అరువు సొత్తని దీన్నిబట్టి అర్థమవుతుంది. ఇంకొకరి కష్టం మీద మనకొచ్చే వడ్డీ అది. చెడ్డదేమీ కాదు, ఆ వడ్డీ లేకపోతే సామాన్యుడి జీవితంలో గొప్ప రోజులు ఎన్నుంటాయి గనక! కానీ దాన్నే ప్రేమ అని లెక్క రాసుకుంటే తేడా వస్తుంది.

ఆ తేడా తెలియాలంటే చంద్రయాన్ రెండు రాత్రులను పోల్చిచూడాలి. 2023 ఆగస్టు 23 సాయంత్రం 6 గంటల 4 నిమిషాలకు చంద్రయాన్-3 ల్యాండర్ చంద్రుడి దక్షిణ ధ్రువానికి దగ్గరలో దిగింది. ఇస్రో యూట్యూబ్ ప్రసారాన్ని ఒకే సమయంలో 80 లక్షల మందికి పైగా చూశారు. స్వీట్లు పంచారు, టపాసులు కాల్చారు. అది గర్వం, పూర్తిగా న్యాయమైన గర్వం.

నాలుగేళ్ల వెనక్కి వెళ్తే ఇంకో రాత్రి ఉంది. 2019 సెప్టెంబరు 7, అర్ధరాత్రి దాటాక చంద్రయాన్-2 విక్రమ్ ల్యాండర్ చంద్రుడికి 2.1 కిలోమీటర్ల ఎత్తులో ఉండగా సంకేతాలు ఆగిపోయాయి. కంట్రోల్ రూమ్‌లో మొహాలు మారిపోవడం దేశమంతా టీవీలో చూసింది. పొద్దున ఇస్రో ఛైర్మన్ కె. శివన్ కన్నీళ్లు పెట్టుకోవడం కూడా చూసింది. అప్పుడు "డబ్బు దండగ" అన్నవాళ్లు లేకపోలేదు. కానీ ఎక్కువమంది నోట వచ్చిన మాట "పర్లేదు, మళ్లీ చేద్దాం" అని. క్రికెట్ జట్టును ఒక్క ఓటమికే పరాయివాళ్లను చేసే జనం, ఇక్కడ ఓడినవాళ్లను దగ్గరికి తీసుకున్నారు. ఆ రాత్రి గర్వపడడానికి ఏమీ లేదు, పంచుకోవడానికి వడ్డీ కూడా లేదు. మిగిలింది ఇంట్లో పిల్లవాడు పరీక్ష తప్పి వచ్చినప్పుడు పుట్టేలాంటి భావం. దాన్ని ప్రేమ అనడానికి అభ్యంతరం ఉండనక్కర్లేదు.

ఆ రాకెట్లు ఎగిరిన చోటు మన సూళ్లూరుపేట పక్కనే. ప్రయోగం రోజు శ్రీహరికోట దారంతా బైకులు, కార్లు, భుజాల మీద పిల్లలు. 2019 నుంచి జనం కూర్చుని చూడడానికి గ్యాలరీ కూడా కట్టారు. మొదట వెలుగు కనిపిస్తుంది, చప్పుడు ఆలస్యంగా వస్తుంది. వచ్చాక ఛాతీలో దడదడమంటుంది. చప్పట్లు, ఈలలు, "భారత్ మాతా కీ జై".

అదే దీవిలో రాకెట్లకు ముందు యానాదులు ఉండేవాళ్లు. పులికాట్ సరస్సుకీ బంగాళాఖాతానికీ మధ్య ఆ అడవిలో తేనె, దుంపలు, చేపలు, వంటచెరకు వాళ్ల బతుకు. 1960ల చివర్లో దీవిని ప్రయోగ కేంద్రానికి ఎంచుకున్నాక వాళ్లలో చాలామందిని అక్కడి నుంచి తరలించారు. 1971 అక్టోబరులో అక్కడి నుంచి మొదటి చిన్న రాకెట్ ఎగిరింది. దేశానికి ఇంత గర్వకారణమైన నేలను ఖాళీ చేసి ఇచ్చింది ఎవరని అడిగితే గ్యాలరీలో చప్పట్లు కొట్టేవాళ్లలో ఎంతమంది చెప్పగలరు? ఈ ప్రశ్న అడగడం గర్వానికి అడ్డుపడడం అనుకునేవాళ్లున్నారు. ప్రతిజ్ఞ అలా అనుకోలేదు. "నా దేశంపట్ల, నా ప్రజలపట్ల" అని రెండింటినీ విడిగా పేర్కొని, చివరి వాక్యంలో "వారి శ్రేయోభివృద్ధులే నా ఆనందానికి మూలం" అంది. సర్వనామం 'దాని' అయి ఉండొచ్చు, కానీ 'వారి' అని పడింది. ట్రెజరీ అధికారి వ్యాకరణం తప్పు చేసే రకం కాదు.

మరి ప్రేమ ఎక్కడి నుంచి వస్తుంది? మట్టి వాసన, అమ్మ భాష, తిండి, పండగ అని వెంటనే జవాబు వస్తుంది. నిజమే, కానీ అవన్నీ ఊరి మీద ప్రేమకు కారణాలు. గోంగూర మీద ప్రేమ అస్సాం మీద ప్రేమగా ఎలా మారుతుందన్నది అసలు చిక్కు. అస్సాం ఎప్పుడూ చూడని, అక్కడి మాట ఒక్కటీ తెలియని మనిషికి, అక్కడ వరదొచ్చిందంటే మనసు ఎందుకు కలుక్కుమనాలి? ఊరు కంటికి కనిపిస్తుంది, దేశం కనిపించదు. ఆ కనిపించనిదాన్ని మనిషికి దగ్గర చేసే యంత్రాంగం ఏదో ఉండాలి.

బడి, రైలు, రేడియో, సైన్యం ఆ పని కొంత చేశాయి. పశ్చిమ గోదావరిలో తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం అనే ఊరుంది. మిలిటరీ మాధవరం అంటే చుట్టుపక్కల ఇంకా బాగా తెలుస్తుంది. ఇంటికొకరు లెక్కన సైన్యంలో చేరిన ఊరు. అయితే వాళ్ల ముత్తాతలు మొదటి ప్రపంచ యుద్ధంలో, తాతలు రెండో ప్రపంచ యుద్ధంలో పోరాడింది ఇంగ్లండు రాజు జెండా కింద. మనవళ్లు మువ్వన్నెల జెండా కింద. జెండా మారింది, సెలవుల్లో ట్రంకు పెట్టె మోసుకుంటూ ఇంటికి రావడం మారలేదు. వాళ్లను సైన్యంలోకి తీసుకెళ్లింది దేశభక్తి ఒక్కటే అనడం ఎంత తప్పో, జీతం ఒక్కటే అనడం అంత తప్పు. ఊరి పరువు, నాన్న ఫొటో, నెలనెలా వచ్చే మనియార్డరు, పెన్షను, ఎక్కడో పఠాన్‌కోట్‌లో పంజాబీవాడితో పంచుకున్న రొట్టె, అన్నీ కలిసి ఒక ముద్దయ్యాక దానికి దేశం అని పేరు పెట్టుకుంటారు.

అయితే ఈ దేశంలో అన్నిటికంటే బలంగా పనిచేసింది మాత్రం ఓటు అని గట్టిగా చెప్పొచ్చు. దానికి సాక్ష్యం మళ్లీ నల్లగొండే. 1948లో భారత సైన్యం నిజాంను లొంగదీసుకున్నాక కూడా తెలంగాణ సాయుధ పోరాటం ఆగలేదు. దళాలు మూడేళ్లపాటు భారత ప్రభుత్వంతోనే తలపడ్డాయి. 1951 అక్టోబరులో కమ్యూనిస్టు పార్టీ పోరాటం విరమించింది. కొన్ని నెలల్లోనే మొదటి సార్వత్రిక ఎన్నికలు. కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం కారణంగా పీడీఎఫ్ (పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్) పేరుతో పోటీచేసిన రావి నారాయణరెడ్డి నల్లగొండ నుంచి 3 లక్షలకు పైగా ఓట్లు తెచ్చుకున్నారు. ప్రధాని నెహ్రూకు ఆయన నియోజకవర్గంలో వచ్చిన ఓట్ల కంటే అవి ఎక్కువ. నిన్నటిదాకా తుపాకీ ఎక్కుపెట్టిన ప్రభుత్వం, ఇవాళ "నీ మనిషిని నువ్వే పంపుకో" అని చీటీ చేతిలో పెట్టింది. ఆ చీటీ పెట్టెలో వేసిన సూర్యాపేట రైతుకూలీ ఆ రోజు దేశాన్ని ప్రేమించాడో లేదో ఎవరూ రాసిపెట్టలేదు. కానీ దేశం తనను లెక్కలోకి తీసుకుందని తెలిసింది. దొర గడీ ముందు చెప్పులు చేత పట్టుకుని నడిచినవాడికి అది చిన్న సంగతి కాదు.

ప్రేమ పైనుంచి కిందికి ఆజ్ఞలా రాదు, లెక్కలోకి తీసుకోవడంతో మొదలవుతుంది. ఎడమచేతి చూపుడువేలి గోరు మీద సిరా గుర్తు మనవాళ్లు అంత ముచ్చటగా ఫొటో తీసి స్టేటస్ ఎందుకు పెట్టుకుంటారో ఆలోచిస్తే ఇది తెలుస్తుంది. ఆ సిరా మైసూరులోని ప్రభుత్వ రంగుల కంపెనీలో తయారవుతుంది, సార్వత్రిక ఎన్నికల్లో దాన్ని మొదట వాడింది కూడా 1962లోనే. ఆఫీసరుకీ అటెండరుకీ అదే సీసా, అదే పుల్ల. ఈ దేశంలో అందరికీ ఒకే కొలతలో అందేవి ఎన్ని ఉన్నాయని వేళ్లు మడిస్తే ఆ సిరా పడ్డ వేలు తప్ప పెద్దగా మిగలవు.

ఇది తిరగేసి చూసినా నిజమే. రేషన్ కార్డు కోసం, పట్టాదారు పాస్‌బుక్ కోసం, కులం సర్టిఫికెట్ కోసం పదిసార్లు తిప్పించుకుని "రేపు రా" అనిపించుకున్న మనిషికి దేశం అనేది ఆ కౌంటర్ కిటికీ అవతలి మొహమే. పంద్రాగస్టు ఉపన్యాసం ఎంత బాగున్నా ఆ కిటికీని మరిపించలేదు.

ఈ చిన్న సూత్రం మరిచిపోయినప్పుడల్లా ప్రేమను చట్టంతో పుట్టించే ప్రయత్నం జరుగుతుంది. 2016 నవంబరు 30న సుప్రీంకోర్టు సినిమా హాళ్లలో ప్రతి షోకు ముందు జాతీయ గీతం వేయాలని, అందరూ లేచి నిలబడాలని మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. ఆ తర్వాత ఏడాదిపాటు హాల్లో జనం చూసింది తెరను కాదు, పక్క సీటును. లేచాడా లేదా? ఒక చేతిలో పాప్‌కార్న్, ఇంకో చేతిలో కూల్‌డ్రింకు, చీకట్లో సీటు వెతుక్కుంటూ మధ్యలో ఆగిపోయినవాళ్ల అవస్థ చెప్పక్కర్లేదు. దేశభక్తిని చొక్కాకు తగిలించుకు తిరగాల్సిన అవసరం లేదని అదే కోర్టులో మరో న్యాయమూర్తి వ్యాఖ్యానించారు. 2018 జనవరి 9న ఆ తప్పనిసరి కాస్తా ఐచ్ఛికం అయింది. ఇప్పుడు ఎక్కడైనా గీతం వేస్తే ఎక్కువమంది లేచే నిలబడతారు. లేపితే లేచినప్పటి కంటే ఇందులో చూడ్డానికి ఏదో బాగుంటుంది.

దీనికి ముప్పై ఏళ్ల ముందే ఇంకో తీర్పు వచ్చింది, రాసింది గుత్తిలో పుట్టిన తెలుగు న్యాయమూర్తి ఒ. చిన్నపరెడ్డి. కేరళలో యెహోవా సాక్షులు అనే క్రైస్తవ శాఖకు చెందిన ముగ్గురు పిల్లలు బడిలో జాతీయ గీతం పాడినప్పుడు మర్యాదగా నిలబడేవాళ్లు, పాడేవాళ్లు కాదు. తమ మతం ఒప్పుకోదని వాళ్ల నమ్మకం. 1985లో బడి నుంచి తీసేశారు. 1986 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఆ పిల్లలను తిరిగి చేర్చుకోమంది. నిలబడడమే గౌరవం, పాడి తీరాలన్న చట్టం లేదు అంది. మన సంప్రదాయం సహనాన్ని నేర్పుతుంది, మన తత్వం సహనాన్ని బోధిస్తుంది, మన రాజ్యాంగం సహనాన్ని ఆచరిస్తుంది, దాన్ని పలచన చేయొద్దు అన్న అర్థం వచ్చే మాటతో ఆ తీర్పు ముగుస్తుంది. ఆ తీర్పు అందుకున్న ముగ్గురు పిల్లలకు ఈ దేశం మీద ఎలాంటి భావం కలిగి ఉంటుందో ఊహించడం కష్టం కాదు. గీతం పాడించి ఉంటే ఆ భావం వచ్చేదా అన్నది వేరే ప్రశ్న.

బలవంతానికీ ఇష్టానికీ మధ్యలో నిలబడే ఊరు కరీంనగర్ జిల్లా జమ్మికుంట. 2017 ఆగస్టు 15 నుంచి అక్కడ రోజూ ఉదయం ఎనిమిదికి కాస్త ముందు మైకుల్లో జాతీయ గీతం వస్తోంది. పోలీసుల చొరవతో మొదలైంది. ఆ 52 సెకన్లు కూరగాయల సంచి పట్టుకున్నవాళ్లు, స్కూటర్ మీద పిల్లల్ని దింపడానికి వెళ్తున్నవాళ్లు ఎక్కడివాళ్లక్కడ ఆగుతారు. తప్పనిసరి చేసిన చట్టం లేదు, అయితే ఊరంతా ఆగినప్పుడు ఒక్కడే నడవగలడా అంటే అదీ లేదు. మొదటి రోజు అది ఒళ్లు పులకరించే అనుభవం. వెయ్యో రోజుకు బడి ప్రతిజ్ఞలా అలవాటు. అలవాటును తక్కువ చేయనక్కర్లేదు, ఇంట్లో ప్రేమలు కూడా చాలావరకు అలవాట్లే.

దేశం వదిలి వెళ్లినవాళ్ల సంగతి ఇంకోలా ఉంటుంది. భారత చట్టం రెండు పౌరసత్వాలను ఒప్పుకోదు. అమెరికా పౌరుడిగా ప్రమాణం చేసినవాడు తన నీలం పాస్‌పోర్టును సరెండర్ చేయాలి. అది 'రద్దు' ముద్రతో తిరిగొస్తుంది. పనికిరాని ఆ పుస్తకాన్ని పారేసినవాళ్లు తక్కువ. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో బీరువా అడుగున, పెళ్లి ఆల్బమ్ పక్కన ఉంటుంది. ప్రమాణంలో పాత దేశం మీద విధేయతను వదులుకుంటున్నట్టు చెబుతారు. విధేయత అంటే సరే. ప్రేమను వదులుకోమని ఏ దేశమూ అడగదు, అడిగినా వీలయ్యే పని కాదని వాళ్లకీ తెలుసు.

2024 జూన్ 12న న్యూయార్క్ దగ్గర నసావు కౌంటీలో టీ20 ప్రపంచకప్ మ్యాచ్, భారత్ మీద అమెరికా. అమెరికా బౌలర్ సౌరభ్ నేత్రావల్కర్ ముంబైలో పెరిగినవాడు, భారత్ తరఫున అండర్-19 ప్రపంచకప్ ఆడినవాడు, అక్కడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటున్నవాడు. విరాట్ కోహ్లీని మొదటి బంతికే సున్నాకు పంపాడు, కాసేపటికి రోహిత్ శర్మను కూడా. గ్యాలరీలో నీలం చొక్కాల్లో ఉన్న ప్రవాసులకు ఏం చేయాలో పాలుపోని క్షణం అది. అవుటైంది మనవాడు, అవుట్ చేసింది మనవాడు. తాము పన్ను కట్టే దేశం గెలుస్తోంది, తాము పుట్టిన దేశం ఓడేలా ఉంది. చివరికి భారత్ ఏడు వికెట్లతో గెలిచింది. సాయంత్రానికి ఇండియన్ గ్రూపుల్లో నేత్రావల్కర్ ఫొటోలు కూడా తిరిగాయి. అభిమాన సంఘం లెక్కలో ఇది కుదరదు, అక్కడ ఒక హీరోకే చోటు. ప్రేమ లెక్కలో పుట్టిల్లు, అత్తిల్లు రెండూ ఇమిడిపోతాయి, మన ఆడపిల్లలకు ఇది ఎవరూ చెప్పక్కర్లేదు.

గర్వానికీ ప్రేమకూ తేడా పసిగట్టడానికి ఇంకో గుర్తుంది, సిగ్గు. పక్కింటి కుర్రాడు బస్సులో ఎవరినైనా అవమానిస్తే కోపమొస్తుంది. మన కుర్రాడు చేస్తే సిగ్గేస్తుంది. విదేశీ టూరిస్టును ఆటోవాడు మోసం చేసిన వీడియో, మురుగు గుంతలోకి దిగి కార్మికులు చనిపోయిన వార్త చూసి తల దించుకునేవాడు దేశాన్ని తనదనుకుంటున్నాడు. "ఇవన్నీ చూపించి దేశం పరువు తీస్తున్నారు" అనేవాడు పరువును ప్రేమిస్తున్నాడు. ఇద్దరూ దేశభక్తులమనే అంటారు. కానీ గుంతకు మూత వేయించేది మొదటివాడి సిగ్గే. 'అర్హత పొందడానికి కృషి' అన్న వాక్యం బహుశా ఈ సిగ్గు గురించే. ఇప్పటికే అర్హులమైతే కృషి దేనికి?

సుబ్బారావు ఉద్యోగ విరమణ చేశారు. తను రాసినది దేశమంతా పిల్లలు చెబుతున్నారని, దానికి జాతీయ ప్రతిజ్ఞ అనే స్థాయి వచ్చిందని ఆయనకు చాలాకాలం తెలియదని కుటుంబ సభ్యులు చెబుతారు. ఒకరోజు మనవరాలు బడి పుస్తకం తెరిచి పైకి చదువుతోంది. భారతదేశం నా మాతృభూమి. భారతీయులందరూ నా సహోదరులు. ఆయన విని, ఆ వాక్యాలు తనవని గుర్తుపట్టారు. 1988లో పోయారు.